మనసు బీమారీ: బల్ఖ్ నుంచి మన మొహల్లా దాకా



మన ఇళ్లలో పిల్లవాడికి బుఖార్ వస్తే ఆ రాత్రే దవాఖానాకు తీసుకెళతాం. అదే పిల్లవాడు నెల రోజులుగా సరిగ్గా నిద్రపోక, దస్తర్‌ఖాన్ ముందు కూర్చుని రెండు ముద్దలు తిని లేచిపోతూ, ఎవరితోనూ మాట్లాడకుండా ఉంటే మాత్రం మన దగ్గర మూడు జవాబులే ఉంటాయి. ‘నజర్ తగిలింది.’ ‘నమాజ్ వదిలేశాడు గనకే ఇలా.’ ‘ఎక్కడా చెప్పకండి, ఇజ్జత్ పోతుంది.’ హైదరాబాద్‌లో అయితే నాలుగోది కూడా ఉంది: ‘ఎర్రగడ్డ కేస్’ అనే వెటకారం. మనసు బీమారీ అనేది అంగ్రేజీ చదువులు తెచ్చిన కొత్త మాట అనీ, ఈమాన్ గట్టిగా ఉన్నవాడికి అది రాదనీ చాలామంది అనుకుంటారు. తారీఖ్ తిరగేసి చూడండి, మన బుజుర్గులు ఇలా అనుకోలేదు.

అబూ జైద్ అల్ బల్ఖీ పేరు మన జల్సాల్లో పెద్దగా వినపడదు. 850లో బల్ఖ్ దగ్గరి ఒక పల్లెలో పుట్టారు. ఇప్పుడది అఫ్ఘానిస్తాన్‌లో ఉంది. తండ్రి పిల్లలకు చదువు చెప్పే ఉస్తాద్. జవానీలో ఇరాక్ వెళ్లి ఫల్సఫీ అల్ కిందీ దగ్గర ఇల్మ్ నేర్చుకుని, తిరిగి సొంత ఇలాకాకే వచ్చారు. 934లో కన్నుమూశారు. జుగ్రాఫియా చదివినవాళ్లకు ఆయన తెలుసు. పటాలు గీసే ఒక తరీఖాకు ఆయన ఊరి పేరే మిగిలింది. కానీ నేను ఇక్కడ చెప్పబోయేది ఆయన రాసిన మరో కితాబ్ గురించి. పేరు ‘మసాలిహుల్ అబ్దాన్ వల్ అన్‌ఫుస్’. జిస్మ్‌కూ నఫ్స్‌కూ మేలు చేసే సంగతులు అని అర్థం. దాని చేతిరాత ప్రతులు సదీలపాటు ఇస్తాంబుల్ కుతుబ్‌ఖానాలో ఉండిపోయాయి. 1984లో ఫువాద్ సెజ్గిన్ వాటిని యథాతథంగా అచ్చు వేయించారు. నఫ్స్ భాగాన్ని సూడాన్‌కు చెందిన మానసిక శాస్త్రవేత్త మాలిక్ బద్రీ 2013లో అంగ్రేజీలోకి తెచ్చారు.

అందులో బల్ఖీ అడిగిన సవాల్ సూటిగా ఉంటుంది. ఇన్సాన్ అంటే జిస్మ్, నఫ్స్ రెండూ కదా, మరి తబీబులు జిస్మ్ గురించే ఎందుకు రాస్తున్నారు? జబ్బు పడకుండా ఏళ్లకేళ్లు గడిపేసేవాళ్లు ఉంటారు గానీ, గమ్, గుస్సా, ఖౌఫ్ తాకకుండా నాలుగు రోజులు గడిపేవాళ్లు ఎవరూ ఉండరని ఆయన వాదన. నఫ్స్‌కు వచ్చే తక్లీఫులను ఆయన నాలుగుగా విడదీశారు: గుస్సా, ఖౌఫ్, గమ్, వస్వసా. ఒక్కోదానికీ విడిగా బాబ్ రాశారు.

గమ్ గురించి ఆయన చెప్పింది చదివి నేను చాలాసేపు ఆగిపోయాను. గమ్ రెండు రకాలట. ఒకటి కారణం తెలిసినది: అయినవాళ్లు పోవడం, సొమ్ము పోవడం లాంటివి. రెండోది కారణం తెలియనిది. ఏ నష్టమూ లేకుండానే మనిషిని కమ్ముకుని, దేనిమీదా షౌక్ లేకుండా చేస్తుంది. ఈ రెండోదాని జడ్ జిస్మ్‌లోనే, ఖూన్‌లోనే ఉండొచ్చనీ, దానికి మాటల ఓదార్పుతో పాటు తబీబ్ ఇలాజ్ కూడా కావాలనీ ఆయన అన్నారు. ‘నీకేం తక్కువైందని ఏడుస్తున్నావు?’ అని పిల్లలను అడిగే అమ్మీ అబ్బాలు ఈ మాట వినాలి. ఏమీ తక్కువ కాకపోయినా గమ్ వస్తుందని వెయ్యేళ్ల కిందటే రాసి పెట్టారు.

ఇక ఈమాన్ సంగతి. యూసుఫ్ కోసం ఏడ్చి ఏడ్చి యాఖూబ్ అలైహిస్సలాం కళ్లు తెల్లబడ్డాయని ఖుర్ఆన్ చెబుతుంది. ఒక నబీ గమ్‌ను అల్లాహ్ తన కలామ్‌లో దాచలేదు. మనం మన పిల్లల గమ్‌ను ఎందుకు దాస్తాం? ఇమామ్ గజాలీ (రహ్మతుల్లాహ్ అలైహ్) బగ్దాద్ నిజామియాలో ఉస్తాద్‌గా మంచి పేరున్న రోజుల్లో, 1095లో, దర్స్ చెప్పడానికి కూర్చుంటే నోరు పెగల్లేదు. ముద్ద దిగలేదు. తబీబులు చూసి, ఇది దిల్‌లో మొదలై జిస్మ్‌కు పాకిందని తేల్చారు. ఈ కథంతా ఆయనే తన చేత్తో రాసుకున్నారు. ఇజ్జత్ పోతుందని దాచుకోలేదు.

పిల్లల తర్బియత్ గురించి కూడా ఇమామ్ ‘ఇహ్యా’లో చాలా రాశారు. మక్తబ్ నుంచి వచ్చిన పిల్లవాడిని ఆడుకోనివ్వాలి. ఆట మానిపించి ఎప్పుడూ చదువులోనే తోస్తే దిల్ చచ్చిపోతుంది, జెహన్ మొద్దుబారుతుంది, చివరికి చదువునుంచి తప్పించుకునే హీలాలు వెతుకుతాడు. తప్పు చేసి దాచుకుంటే మొదటిసారి చూడనట్టు ఉండాలి, నలుగురిలో పర్దా తీయకూడదు. అదేపనిగా తిడుతూ ఉంటే తిట్టు వినడం అలవాటై, మాటకు అసర్ పోతుంది.

మూడు సదీల తర్వాత ఇబ్నె ఖల్దూన్ ఇదే సంగతిని ఇంకో వైపునుంచి చూశారు. 1332లో తూనిస్‌లో పుట్టారు. 17 ఏళ్లు నిండేసరికి తావూన్ ఆయన తల్లిదండ్రులనూ, ఉస్తాదులలో చాలామందినీ తీసుకుపోయింది. జవానీలో అంత దెబ్బ తిన్న మనిషి 1377లో ‘ముఖద్దిమా’ రాస్తూ, తాలిబే ఇల్మ్‌ల మీద సఖ్తీ గురించి ఒక బాబ్ పెట్టారు. జబర్దస్తీలో పెరిగిన పిల్లవాడి హుషారు పోతుంది, సోమరితనం వస్తుంది. దెబ్బల ఖౌఫ్‌తో లోపల ఒకటి, బయట ఒకటి చూపడం నేర్చుకుంటాడు. జూట్, ఫరేబ్ మొదట బచావ్ కోసం వస్తాయి, తర్వాత ఆదత్ అవుతాయి. తనను తాను కాపాడుకునే ఖుద్దారీ కూడా పోతుంది. అలాగని పూర్తిగా వదిలేయమనలేదు. ముందు నర్మీ, అవసరమైతేనే గట్టితనం అన్నారు.

ఇవి కితాబుల్లోనే ఉండిపోలేదు. దమిష్క్‌లో 1154లో నూరుద్దీన్, ఖాహిరాలో 1284లో సుల్తాన్ ఖలావూన్ కట్టించిన బీమారిస్తాన్‌లలో మతి చెదిరినవాళ్లకు కూడా చోటు ఉండేది. అంతా బాగుండేదని నేననను. దమిష్క్‌లో అలాంటివాళ్లను సంకెళ్లతో కట్టి ఉంచడం 1184లో ఇబ్నె జుబైర్ కళ్లారా చూసి రాశారు. అయినా అదే దవాఖానాలో, జ్వరం వచ్చినవాడితో పాటు వాళ్లకూ ఇలాజ్ దొరికేది. ఇది షర్మ్ పడాల్సిన సంగతి కాదు, బీమారీ అని ఆ షహర్‌లు ఒప్పుకున్నాయి.

మన సంగతి చూద్దాం. అబ్బా దుబాయ్‌లోనో జెద్దాలోనో ఉంటారు, పిల్లవాడి బాధ వీడియో కాల్‌లో కనపడదు. తెల్లవారుజామున లేపి రాత్రిదాకా చదివించే కాలేజీ హాస్టల్, నీట్ ర్యాంకు, పక్కింటి పిల్లతో ముఖాబలా. ఆడపిల్లకైతే చదువు మధ్యలోనే రిష్తాల మాట. గజాలీ వద్దన్నవీ, ఇబ్నె ఖల్దూన్ హెచ్చరించినవీ మన మొహల్లాల్లో మామూలైపోయాయి. 2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాల తర్వాత ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. వాళ్ల జనాజాలు, అంత్యక్రియలు వేరువేరుగా జరిగినా, ఆ ఇళ్లలో మిగిలిన సన్నాటా ఒక్కటే.

బల్ఖీ చెప్పిన ఒక ఇలాజ్‌తో ముగిస్తాను. మందులను జబ్బు రాకముందే ఇంట్లో పెట్టుకున్నట్టు, ధైర్యమిచ్చే ఖయాల్‌లను దిల్ సుకూన్‌గా ఉన్నప్పుడే పోగు చేసుకోవాలన్నారు. తూఫాన్ వచ్చాక వెతికితే చేతికి దొరకవు. దాంతో పాటు బయటినుంచి మాట చెప్పే మనిషి కూడా ఉండాలన్నారు, వస్వసా పట్టినవాడిని ఒంటరిగా వదలొద్దన్నారు. కాబట్టి ఫలితాల రోజుదాకా ఆగకండి. ఇషా తర్వాత ఫోన్ పక్కన పెట్టి పిల్లల పక్కన కూర్చోండి. నసీహత్ చేయకండి, వినండి. మార్కులు తగ్గినా ఈ ఇంటి దర్వాజా నీకు తెరిచే ఉంటుందని ఇప్పుడే చెప్పండి. దువా చేయండి, డాక్టర్ దగ్గరికీ తీసుకెళ్లండి. దవా తీసుకోవడం ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) చెప్పిన మాటే. రాత్రి ఏ వేళైనా 14416కు ఫోన్ చేస్తే సర్కారీ టెలీ మానస్‌వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు.

అల్లాహ్ మన ఔలాద్ దిల్‌లకు సుకూన్, మనకు వాళ్ల మాట వినే ఓపిక ప్రసాదించుగాక. ఆమీన్.