చెయ్యి నీది, జేబు నాది

మాండవి బడి జూబిలీ సంచికలో హెడ్మాస్టర్ల గురించీ, స్థలమిచ్చిన దాతల గురించీ, పైకొచ్చిన పూర్వ విద్యార్థుల గురించీ రాసేవాళ్ళు చాలామందే ఉంటారు. నేను వంటశాల గురించి రాస్తాను. అందుకు కారణం మన జిల్లాలోనే ఉంది. వందేళ్ళు దాటిన ఒక పెద్ద సంస్థ ఇక్కడ పొయ్యి దగ్గరే పుట్టింది. దాన్ని నిలబెట్టినవాడు వండి వడ్డించిన మనిషి. ఆయన పేరు బాబా నిధాన్ సింగ్. ఆ సంస్థ నాందేడ్‌లోని లంగర్ సాహిబ్ గురుద్వారా.

కిన్వట్ వైపు నుంచి నాందేడ్‌కు వెళ్ళే మనవాళ్ళకు ఆ చోటు కొత్తేమీ కాదు. కలెక్టరాఫీసులో పనికో, పెద్దాసుపత్రికో, స్వామి రామానంద తీర్థ విశ్వవిద్యాలయంలో పిల్లల అడ్మిషన్‌కో పోయినవాళ్ళు మధ్యాహ్నం అక్కడ పంక్తిలో కూర్చుంటారు. నువ్వెవరు, ఏ ఊరు, ఏ కులం అని ఒక్కరూ అడగరు. పప్పూ రొట్టె తిని, చెయ్యి కడుక్కుని వచ్చేస్తాం. ఆ పప్పు వెనక ఎవరున్నారో మాత్రం మన పిల్లలకు మనమెప్పుడూ చెప్పలేదు.

నిధాన్ సింగ్‌ది పంజాబ్‌లోని హోషియార్‌పుర్ జిల్లా, నడాలోన్ గ్రామం. 1882లో పుట్టాడు. వయసొచ్చాక ఝాన్సీలో గుర్రపు దళంలో సిపాయిగా చేరాడు. జీతం, వరుసగా వచ్చే పదోన్నతి, చివర్లో పింఛను ఉన్న కొలువు. భజనలో పడిన మనసు కవాతులో నిలవక, దాన్ని వదిలేసి నాందేడ్ చేరాడు. అప్పటికే సికిందరాబాద్ నుంచి మన్మాడ్ దాకా రైలు పడింది. నాందేడ్ నిజాం రాజ్యంలో ఉంది. మన కిన్వట్ కూడా ఆ రాజ్యంలోదే, ఆదిలాబాద్ జిల్లాలో ఒక తాలూకా. 1956లో రాష్ట్రాలు విడిపోయినప్పుడే మనం నాందేడ్ జిల్లాలో కలిశాం.

సిక్కులకు నాందేడ్ ఎందుకంత పవిత్రమో తెలిస్తేగాని నిధాన్ సింగ్ అర్థం కాడు. పదో గురువు గురు గోవింద్ సింగ్ 1708లో ఇక్కడే దేహం చాలించాడు. తన తర్వాత మనిషి గురువుగా ఉండడనీ, గురు గ్రంథ సాహిబే గురువనీ చెప్పింది ఈ గోదావరి ఒడ్డునే. వెంట వచ్చినవాళ్ళలో చాలామంది పంజాబ్ తిరిగిపోతుంటే సంతోఖ్ సింగ్ అనే శిష్యుణ్ణి మాత్రం ఇక్కడే ఉండి లంగర్, అంటే అందరికీ అన్నం పెట్టే వంటశాల, ఆగకుండా చూడమని ఆజ్ఞాపించాడని సంప్రదాయం చెబుతుంది. గురువు చివరి రోజుల్లో అప్పజెప్పిన పనుల్లో వంట కూడా ఒకటన్నమాట. తర్వాత మహారాజా రంజిత్ సింగ్ పూనికతో 1832, 1837 మధ్య ఇప్పటి తఖ్త్ సచ్‌ఖండ్ కట్టడం లేచింది.

నిధాన్ సింగ్ ఇక్కడ కొన్నేళ్ళు సేవ చేశాక మనసు విరిగి పంజాబ్ వెళ్ళిపోదామనుకున్నాడట. మూట కట్టుకుని నాందేడ్ స్టేషన్‌లో రైలు కోసం కూర్చున్నాడు. ఆ రాత్రి ఆయనకు గురు దర్శనమైందని భక్తులు నమ్ముతారు. ఎక్కడికి పోతున్నావు, వెనక్కి వెళ్ళి వచ్చినవాళ్ళకు అన్నం పెట్టు, చెయ్యి నీది, జేబు నాది అని గురువు చెప్పాడంటారు. 1912 ప్రాంతంలో ఆయన తిరిగివచ్చి పొయ్యి రాజేశాడు. 1947 ఆగస్టు 4న కన్నుమూసేదాకా అదే పని. ఇంకో 11 రోజుల్లో దేశానికి స్వాతంత్ర్యం. నాందేడ్‌కైతే ఇంకా ఏడాదికి పైగా నిజాం పాలనే.

దర్శనం సంగతి నమ్మేవాళ్ళు నమ్ముతారు, నేనూ నమ్ముతాను. అయితే నమ్మకం లేనివాళ్ళు కూడా ఆ మాటలో ఉన్న పని లెక్కను చూడాలి. జేబు తనది కాదని తెలిసిన వంటవాడు పెట్టేటప్పుడు చెయ్యి బిగించడు. ఇదంతా నేను పెట్టిందేనని ఛాతీ విరుచుకోడు. రేపటి పిండి ఎక్కణ్ణుంచి వస్తుందన్న దిగులుతో ఇవాళ వచ్చినవాణ్ణి తిప్పి పంపడు. ఆయన పోయాక కూడా ఆ లంగర్ ఆగకపోవడానికి మూలం అక్కడే ఉందని నా నమ్మకం. గల్లాపెట్టె మనిషి పేరు మీద ఉంటే ఆ మనిషితోనే మూతపడేది.

లంగర్ వంట దగ్గర కాసేపు నిలబడి చూడాలి. తలకు గుడ్డ కట్టుకోవాలి, చెప్పులు బయటే విడవాలి, కాళ్ళూ చేతులూ కడుక్కోవాలి. పిండి కలిపేవాళ్ళు ఒక వరస, ఉండలు చేసేవాళ్ళు ఒక వరస, ఒత్తేవాళ్ళు ఇంకో వరస. రొట్టెలు కాలేది మంచమంత ఇనుప పెనం మీద, దాని కింద మంట. దానికి అటూ ఇటూ కూర్చుని పొడుగాటి ఇనుప పట్టీలతో రొట్టెల్ని తిరగేస్తుంటారు. ఒక పక్క మచ్చలు పడగానే తిప్పాలి, రెండో పక్క పొంగగానే తీయాలి. క్షణం ఆలస్యమైతే అంచు మాడుతుంది. మాడిన రొట్టె గురువు ముందు పెట్టగలమా అన్న జంకు ఆ చేతుల్లో కనిపిస్తుంది. తీసిన రొట్టె మీద నెయ్యి రాసి, గుడ్డ పరిచిన గంపలో వేస్తారు. దాన్ని వాళ్ళు రొట్టె అనరు, పర్‌షాదా అంటారు. నోట్లో గురువాణి నడుస్తూనే ఉంటుంది.

వండినదాన్ని ముందుగా ఎవరూ రుచి చూడరు. ఉప్పు చూడకుండా వందలమందికి పప్పు చెయ్యడం ఎంత కష్టమో వంట తెలిసినవాళ్ళకే తెలుస్తుంది. ప్రతి పదార్థంలోంచి కొంచెం తీసి గురు గ్రంథ సాహిబ్ ముందు పెట్టి అర్‌దాస్ ప్రార్థన చేస్తారు. ఆ కొంచాన్ని మళ్ళీ తెచ్చి పెద్ద గిన్నెల్లో కలిపేస్తారు. అప్పుడు వడ్డన. పర్‌షాదా అందుకునేవాడు రెండు చేతులూ చాచి అందుకోవాలి, లక్షాధికారైనా సరే.

మన ఇళ్ళలోనూ మడి ఉంది, నైవేద్యం ఉంది. కానీ మన మడి పక్కవాణ్ణి వంటింటి గడప అవతల నిలబెడుతుంది. లంగర్ శుచి మాత్రం చేతులు కడుక్కుని లోపలికి రా, నువ్వూ రెండు ఉండలు చెయ్యి అంటుంది. ఈ తేడా చిన్నది కాదు.

ఈ గోదావరే కిందికి పోయి పోయి వైనతేయ పాయగా చీలిన చోట, లంకల గన్నవరంలో, మన తెలుగావిడ డొక్కా సీతమ్మ ఇదే పని చేసింది. 1841లో మండపేటలో పుట్టింది, 1909లో పోయింది. ఒకసారి అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి బయల్దేరి, గన్నవరంలో తమ ఇంటికి ఆకలితో వస్తున్న పెళ్ళివారి మాటలు దారిలో చెవినపడితే, పల్లకీ వెనక్కి తిప్పించి ఇంటికొచ్చి వండిపెట్టింది. కులం అడగలేదు, వేళ చూడలేదు. ఆమె కన్నుమూసిన మూడేళ్ళకు ఎగువ గట్టున నిధాన్ సింగ్ పొయ్యి వెలిగింది. ఇద్దరికీ ఒకరి పేరు ఒకరికి తెలిసి ఉండదు. 2024 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో బడి పిల్లల మధ్యాహ్న భోజన పథకం సీతమ్మ పేరుతో నడుస్తోంది. బడి భోజనానికి ఇంతకన్నా తగిన పేరు నాకు తోచదు.

నిధాన్ సింగ్ మాట నాందేడ్ దాటి కూడా పోయింది. ఆదిలాబాద్ నుంచి నాగపూర్ వెళ్ళే రోడ్డు మీద, పాండర్‌కవడా దాటాక, కరంజి దగ్గర ఒక చిన్న లంగర్ ఉంది. 2020 లాక్‌డౌన్‌లో ఆ దారిన కాలినడకన పోయిన వలస కూలీలకు దాన్ని నడిపే బాబా కర్నైల్ సింగ్ ఖైరా, ఎనభై దాటిన వయసులో, అన్నం పెట్టాడు. పది వారాల్లో 20 లక్షలమంది దాకా తిన్నారని అప్పుడు పత్రికలు రాశాయి. హోటళ్ళన్నీ మూతపడిన ఆ రోజుల్లో ఆ దారిన పోయే కూలీల కడుపు నింపింది ఆ లంగరే.

ఇక మన బడి. కేంద్రం పోషకాహార పథకం 1995 ఆగస్టు 15న మొదలైంది. చాలాచోట్ల మొదట్లో బియ్యమో గోధుమలో కొలిచి ఇంటికి పంపేవారు. బడిలోనే వేడిగా వండి పెట్టాలని 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఆదేశించాక పొయ్యిలు వెలిగాయి. కాగితం మీద ప్రాథమిక తరగతి పిల్లకు రోజుకు 100 గ్రాముల ధాన్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు. మొదటి 25 మంది పిల్లలకు ఒక వంటమనిషి, 100 మంది దాకా ఇద్దరు. కేంద్రం 2009లో కట్టిన గౌరవ వేతనం నెలకు 1,000 రూపాయలు, అదీ ఏడాదికి పది నెలలే. దాని మీద రాష్ట్రాలు తోచినంత కలుపుతున్నాయి.

20 గ్రాముల పప్పును రుచిగా మార్చేది ప్రభుత్వ ఉత్తర్వు కాదు. బియ్యంలో రాళ్ళు ఏరే కళ్ళు, పోపు మాడకముందే దించే చెయ్యి, వెనక కూర్చున్న కోలాం పిల్లకూ ముందు కూర్చున్న సర్పంచి మనవడికీ ఒకే గరిటె పడేలా చూసే మనసు. మన వైపు ఇళ్ళలో తెలుగు, మరాఠీ, గోండి, కోలామి, లంబాడీ మాటలు వేరువేరుగా వినిపిస్తాయి. బడిలో ఆ పిల్లలందరినీ రోజూ ఒక వరసలో కూర్చోబెట్టేది మధ్యాహ్నం గంట. ఆ వరస వంకరపోకుండా చూసేది వంటామె. పొయ్యి ముట్టించే ముందు దణ్ణం పెట్టుకుని, పిల్లలంతా తిన్నాకే తాను తినే తల్లులను ఈ ప్రాంతపు బడుల్లో చూశాను. వాళ్ళకు నిధాన్ సింగ్ ఎవరో తెలియదు. ఆయన చూస్తే మాత్రం వాళ్ళను గుర్తుపట్టేవాడు.

అందుకే సంపాదక వర్గానికి ఒక్క విన్నపం. ఈ సంచికలో ఫొటోల పేజీలు ఉన్నాయి కదా. బడిలో పొయ్యి వెలిగిన నాటి నుంచి వంట చేసిన ప్రతి మనిషి పేరూ, బొమ్మా, ఏ ఏడు నుంచి ఏ ఏడు దాకా చేశారో ఆ వివరంతో సహా, హెడ్మాస్టర్ల పక్క పేజీలోనే వెయ్యండి. బొమ్మ దొరకనివాళ్ళ పేర్లు పాత హాజరు పుస్తకాల్లో ఉంటాయి. అక్కడా లేకపోతే ఆ బ్యాచ్ పిల్లలను అడగండి, వాళ్ళకు తప్పకుండా గుర్తుంటుంది.