మెంబ్రేన్ డిస్టిలేషన్
పరిశ్రమల ఉప్పునీటిని వేడిచేసి, తడి అంటని సన్నరంధ్రాల పొర గుండా ఆవిరిని మాత్రమే పంపి మంచినీరు రాబట్టే పద్ధతి మెంబ్రేన్ డిస్టిలేషన్. టెఫ్లాన్ వంటి ప్లాస్టిక్‌లతో చేసే ఈ పొరల రంధ్రాలు సాధారణంగా 0.1 నుంచి 1 మైక్రాన్ దాకా ఉంటాయి. ఒకవైపు 40–80 డిగ్రీల సెల్సియస్ వేడినీరు, మరోవైపు చల్లటి నీరు పారుతుంటే, ఆవిరి పీడనంలోని తేడా నీటి ఆవిరిని అవతలికి లాగుతుంది; లవణాలు ఇవతలే మిగులుతాయి. నీటిని మరిగించనక్కర్లేదు.

లీటరుకు సుమారు 70 గ్రాముల ఉప్పు దాటాక మామూలు ఆర్‌వో యంత్రం చేతులెత్తేస్తుంది. ఈ పద్ధతి అసలు విలువ అక్కడే తెలుస్తుంది. అద్దకం కర్మాగారాల వ్యర్థజలాల్లోని సబ్బు పదార్థాలు, నూనెలు మాత్రం దీనికి ప్రధాన శత్రువులు: అవి పొర తడిసేలా చేస్తే ఉప్పునీరే నేరుగా అవతలికి చేరుతుంది. అందుకే ముందస్తు శుద్ధి తప్పనిసరి. కిలో నీరు ఆవిరి కావడానికి దాదాపు 2,350 కిలోజౌళ్ల వేడి కావాలి కనుక, వృథాగా పోయే వేడి దొరికే కర్మాగారాల్లోనే ఇది గిట్టుబాటవుతుంది.