తొమ్మిది కమాన్ల మీదుగా ఒప్పారి కోచ్చి

కొలంబో ఫోర్ట్ స్టేషన్లో తెల్లవారుజామున బండెక్కితే ఎల్ల చేరేసరికి పొద్దు వాలుతుంది. నేను శ్రీలంక వచ్చి పన్నెండేళ్లయింది. చిత్తూరు నుంచి చుట్టాలెవరొచ్చినా ఫోన్లో ఒకటే ఫొటో చూపించి అక్కడికి తీసుకెళ్లమంటారు. పచ్చటి లోయ, దానిమీద వంపు తిరిగిన వంతెన, వంతెన మీద నీలం రైలు. పోయిన నెల అక్కయ్యనీ బావగారినీ తీసుకెళ్లాను.

సింహళంలో దాన్ని 'ఆరుక్కు నమయే పాలమ' అంటారు. తొమ్మిది కమాన్ల వంతెన అని. ఎల్ల, దెమోదర స్టేషన్ల మధ్య 1921లో పూర్తయింది. పొడవు 91 మీటర్లు, ఎత్తు 24. మొదటి ప్రపంచయుద్ధం వచ్చి ఉక్కంతా అటు మళ్లితే, అప్పుహామి అనే ఇక్కడి మనిషి పూనుకుని రాయీ ఇటుకా సిమెంటుతోనే కట్టించాడని ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. 1923లో ఇంజనీర్లు అచ్చేసుకున్న నివేదిక దీన్ని కాంక్రీటు వంతెన అంటుంది. ఊరివాళ్ల కథని మాత్రం నేను కొట్టిపారెయ్యను. కమాను కిందికి దిగి స్తంభానికి అరచెయ్యి ఆనిస్తే చల్లగా, నాచుతో జారుగా తగిలింది. పైన రైలు వెళ్తుంటే ఆ అదురు మోచేతి దాకా పాకింది. కట్టిన చేతులు గుర్తుకు రావడానికి ఆ ఒక్క అదురు చాలు.

రైలుకి ఈ కొండల్లో ఏం పని? 1815లో ఇంగ్లీషువాళ్లు కండి రాజ్యాన్ని పట్టుకున్నారు. ఆఖరి రాజు శ్రీవిక్రమ రాజసింహుడిది తెలుగు మూలాలున్న నాయకుల వంశం. మా చిత్తూరు పక్కనే ఉన్న వేలూరు కోటలో ఖైదీగా ఉండి 1832లో పోయాడు. రాజ్యం పోయాక అడవులు కొట్టి కాఫీ వేశారు. 1869 నుంచి తుప్పుతెగులు తగిలి కాఫీ నాశనమైంది. అప్పటికే 1867లో జేమ్స్ టేలర్ అనే తోటదొర లూల్‌కందుర ఎస్టేటులో 19 ఎకరాల్లో తేయాకు నాటి ఉన్నాడు. కొండలన్నీ దాని పాలయ్యాయి. టీ పెట్టెలు రేవుకి దిగాలంటే రైలు కావాలి. కండి దాకా 1867లో వచ్చిన పట్టాలు ఒక్కో మెట్టే ఎక్కి 1924కి బదుల్ల చేరాయి.

టీ పెట్టెలు రైల్లో దిగాయి సరే, కూలీలో? దక్షిణాది పల్లెల్లో కరువుకి తాళలేని వాళ్లని కంగాణీలనే కూలీ మేస్త్రీలు పడవెక్కించి మన్నారు తీరంలో దించేవాళ్లు. ఎక్కువమంది తమిళులు, కొందరు మన తెలుగువాళ్లు. అక్కణ్నుంచి మాతలె దాకా అడవిలో నడక. కలరాకీ మలేరియాకీ దారిలోనే రాలిపోయినవాళ్లకి లెక్కలేదు. ధనుష్కోటి, తలైమన్నార్‌ల మధ్య ఓడ నడవడం మొదలైంది 1914లోనే.

అంతకంటే నన్ను ఎక్కువ బాధపెట్టేది ఆ తర్వాతి సంగతి. 1948లో సిలోన్‌కి స్వతంత్రం వచ్చిన ఏడాదే, తరాలుగా ఆకు కోసినవాళ్లలో చాలామందికి కొత్త చట్టం పౌరసత్వం లేకుండా చేసింది. 1964లో సిలోన్ ప్రధాని సిరిమావో, ఇండియా ప్రధాని శాస్త్రి కూర్చుని వాళ్లని పంచుకున్నారు: 5,25,000 మందిని ఇండియా తీసుకోవాలి, 3,00,000 మందిని సిలోన్ ఉంచుకోవాలి. మిగిలిన లక్షన్నర మంది సంగతి తర్వాత! మనుషుల్ని ఇలా పంచుకోవడం నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

వంతెనకి ఎగువన టీ కొట్టు నడిపే పాట్టిని, అంటే అవ్వని, అరవంలో పలకరించాను. చిత్తూరువాణ్ని, అరవం వచ్చు.

"మా నాన్న సిలోనుకి రాశాడు తంబీ. అక్క అత్తగారువాళ్లు ఇండియాకి రాశారు," అంది పాట్టి. రాయడమంటే పౌరసత్వానికి దరఖాస్తు పెట్టడం. "అక్క ఒప్పారి కోచ్చిలో పోయింది."

ఒప్పారి అంటే చావింట్లో పెట్టే శోకాలు. ఇక్కడి తోటల్లో రైలుని 'కోచ్చి' అంటారు. ఇండియా పోయేవాళ్లని తలైమన్నారుకి తీసుకెళ్లే రైలుకి జనం పెట్టుకున్న పేరది. ప్లాట్‌ఫారం మీదివాళ్లూ పెట్టెలోవాళ్లూ ఒకరి చేతులొకరు వదల్లేదట. అక్కకి పద్దెనిమిదేళ్లు, తనకి పద్నాలుగు. అక్క నీలగిరుల్లో కూడలూరు దగ్గర మళ్లీ తేయాకు తోటలోనే పనికి కుదిరింది. ఆ తర్వాత ఇద్దరూ చూసుకోలేదు.

"మీ ఊరికీ కూడలూరుకీ ఎంత దూరం?" అనడిగింది.

"ఒక రాత్రి బస్సు," అన్నాను.

కాసేపు ఏమీ అనలేదు. చిగుళ్లు గిల్లీ గిల్లీ నల్లటి గీతలు పడ్డ బొటనవేళ్లతో పావుకిలో టీపొడి కాగితంలో కట్టి, దారం బిగించి నా చేతికిచ్చింది. అక్కడా టీ పండుతుంది కదా పాట్టీ అంటే, "ఇది మా తోటది," అంది.

పొట్లం ఇప్పుడు కొలంబోలో మా ఇంటి బీరువాలో ఉంది. సంక్రాంతికి ఊరొస్తున్నాను. భోగి వెళ్లాక కూడలూరు బస్సెక్కుతాను.