లండను నగరమునందలి స్వల్పవ్యయ వసతిగృహములు

ఆంగ్లభాషయందలి 'హోటలు' అను శబ్దము ఫ్రెంచిభాషనుండి వచ్చినది. దానికి మూలము లాటినుభాషయందలి 'హోస్పెస్' అను పదము. ఆ పదమునకు అతిథి యనియు, ఆతిథ్య మొసఁగువాఁ డనియు రెండర్థములును గలవు. వైద్యాలయమునకుఁ బేరైన 'హాస్పిటలు', విద్యార్థివసతికిఁ బేరైన 'హాస్టలు' అను శబ్దములును ఈ మూలమునుండి వెలువడినవే. రోగికిని, విద్యార్థికిని, బాటసారికిని ఆశ్రయమగు మూఁడు గృహముల పేళ్లకు మూల మొక్కటి యగుట యాకస్మికము గాదు. మధ్యయుగమున ఐరోపాఖండమునందలి మఠములు ఈ మూఁడువిధములైన సేవలను దఱచుగా నొక్కచోటనే నడపుచుండెను. కాలక్రమమున నవి వేఱుపడెను. బాటసారికి శయ్య యొసఁగుట వర్తకమయ్యెను.

ఆంధ్రదేశమునందలి సత్రమును, పూటకూటియింటిని ఎఱిఁగినవారికి ఈ వర్తకము క్రొత్త గాదు. క్రీడాభిరామమునందలి యోరుఁగంటి పూటకూటియింట రూక యిచ్చినవానికి భోజనము దొరకెను. కాని పూటకూటియింటికిఁ బ్రధానము అన్నము. లండనునందలి చవుక బసకుఁ బ్రధానము శయ్య. చలియు, వానయు గల యా నగరమున నారుబయట పండుకొనుట ప్రాణాపాయము. కావున స్వల్పధనుఁడైన బాటసారి యచట మూఁడు ప్రశ్నల నెదుర్కొనవలసియుండెను. శయ్య వెల యెంత? అది శుచియైనదా? తన్ను లోనికి రానిత్తురా? ఈ మూఁడింటిలో మొదటి రెండింటిని గుఱించిన కృషి ప్రసిద్ధము. మూఁడవదాని చరిత్రమే మిక్కిలి చిక్కైనది.

లండను వంతెనకు దక్షిణమున సదర్కు అను పేట కలదు. రాత్రులందు వంతెనద్వారమును మూసివేయుచుండుటచేత, ప్రొద్దుగ్రుంకిన పిదప వచ్చిన బాటసారులు ఆ పేటయందే నిలువవలసివచ్చెడిది. అందుచేత నచట 'ఇన్' అను పథికగృహములు విరివిగా వెలసెను. చాసరు మహాకవి తన కాంటర్బరీ కథలందలి యాత్రికులను సమావేశపఱచిన టాబర్డు అను గృహ మిందొకటి. 1676వ సంవత్సరమున జరిగిన యగ్నిప్రమాదమున నది దగ్ధమయ్యెను. దాని పొరుగుననే యుండి, ఆ యగ్నికే యాహుతియై, 1677లో మరలఁ గట్టఁబడిన జార్జి అను గృహము నేఁటికిని నిలిచియున్నది.

ఈ పథికగృహములకు ఆంగ్లదేశపు ఆచారధర్మశాస్త్రమున నొక విశేషము గలదు. గృహమునందుఁ జోటుండఁగా, వెల యీయఁగలిగి, యోగ్యరీతి నడచుకొను బాటసారిని గృహపతి నిరాకరింపరాదు. అతిథి సొమ్ము పోయినచో గృహపతి యుత్తరవాది. 1584వ సంవత్సరమున జరిగిన 'కేలీ' వ్యాజ్యెము ఈ రెండవ ధర్మమునకుఁ బ్రసిద్ధమైన ప్రమాణము. అనఁగాఁ బథికగృహము స్వకీయమయ్యును సర్వజనులకుఁ దెఱచియుండవలసిన ద్వార మని ధర్మశాస్త్రము భావించెను. అయితే ఈ ధర్మము 'ఇన్' అను పేరునకుఁ దగిన గృహమునకు మాత్రమే వర్తించెను. ఒక యింటిలో గదిని వారమునకో, నెలకో అద్దెకిచ్చు స్త్రీకిని, రాత్రికి శయ్యల నద్దెకిచ్చు పేదబసకును ఇది వర్తింపలేదు. ఈ భేదమును గుర్తుంచుకొననిదే తరువాతి చరిత్రము బోధపడదు.

ఇనుపదారులు వచ్చిన పిదప బాటసారుల సంఖ్యయు, స్వభావమును మాఱెను. 1837లో యూస్టను స్టేషను తెఱవఁబడెను. 1839లో లండను-బర్మింగుహాము రైల్వేకంపెనీవారు ఆ స్టేషనుచెంత నెదురెదురుగా రెండు వసతిగృహములను నెలకొల్పిరి. యూస్టను అను గృహము ధనికులకు. విక్టోరియా అను గృహము తక్కువ తరగతి ప్రయాణికులకు, విశేషించి నిద్రించుటకొఱకే. ఒకే కంపెనీ ధనభేదమునుబట్టి రెండు కప్పుల నేర్పఱచుట యిచటఁ గన్నట్టుచున్నది. తరువాత కింగ్సుక్రాసు స్టేషను 1852లోను, సెయింటు పాంక్రాసు స్టేషను 1868లోను వెలసెను. ఈ మూఁడు స్టేషనులకు సమీపమున నున్న బ్లూమ్సుబరీ పేటయందలి పాత గృహములు పెక్కులు క్రమముగా భోజనవసతిగృహములుగా మాఱెను.

1851వ సంవత్సరము ఈ చరిత్రమున రెండుకారణములచేత ముఖ్యమైనది. ఆ యేఁడు మే 1వ తేది మొదలు అక్టోబరు 15వ తేది వఱకు హైడుపార్కునందలి స్ఫటికభవనమున మహాప్రదర్శనము జరిగెను. అఱువది లక్షలకుఁ బైఁగాఁ బ్రవేశములు నమోదయ్యెను. మే నెల చివర మొదలుకొని, సోమవారమునుండి గురువారము వఱకుఁ బ్రవేశరుసుము ఒక షిల్లింగు మాత్రమే యగుటచేతఁ బనివాండ్రు వేలకొలఁది వచ్చిరి. తామస్ కుక్ అను యాత్రాప్రవర్తకుఁడు ఒక్కఁడే లక్షన్నఱమందిని రైళ్లమీఁదఁ బంపెను. వీరందఱు రాత్రు లెచట నుండవలెను? ఈ కొఱతను దీర్చుటకై తామస్ హారిసను అనునతఁడు పిమ్లికోయందు 'మెకానిక్సు హోము' అను విశాలగృహమును నెలకొల్పెను. ఒక్కరాత్రికి వేయిమందికిఁ జోటు. వెల ఒక షిల్లింగు మూఁడు పెన్నీలు. ఆ వెలకు మంచము, పఱపు, దుప్పట్లు, సబ్బు, తువాలు లభించుచుండెను. భోజనమునకు వేఱుగా నీయవలెను. సేవల నన్నిటిని గూర్చి మొత్తముగా వెల గట్టుటకు మాఱుగా, శయ్యకుఁ గనిష్ఠమైన వెల గట్టి, తక్కినవానిని విడివిడిగా నమ్ముపద్ధతి యిచట స్పష్టముగాఁ గానవచ్చుచున్నది. నేఁటి చవుక హోటళ్లలో నీపద్ధతియే తఱచుగాఁ గనఁబడును.

రెండవ కారణము శాసనము. ఆ యేఁడే యాష్లీ ప్రభువు పూనికచే సామాన్యవసతిగృహముల చట్టము పార్లమెంటున నంగీకరింపఁబడెను. ఆష్లీ ఆ సంవత్సరముననే తండ్రి మరణానంతరము షాఫ్ట్సుబరీ ప్రభువయ్యెను. అంతకుముందు పేదబసలయందు స్త్రీపురుషులు కలగాపులగముగా, ఒక్కొక్క శయ్యపై నిద్దఱు ముగ్గురు, గాలి సోఁకని గదులలోఁ బండుకొనుచుండిరి. విషజ్వరములు ఆ గదులనుండి వీథులకు వ్యాపించుచుండెను. చట్టము వచ్చిన పిదప బసలను నమోదు చేయింపవలసివచ్చెను. గది కెందఱుండవలెనో నిర్ణయింపఁబడెను. ఏఁట రెండుమాఱులు, ఏప్రిలునందును అక్టోబరునందును గోడలకు సున్నము వేయవలెను. జ్వరము వచ్చినచోఁ దెలుపవలెను. లండనునందు ఈ తనిఖీ మొదటఁ బోలీసులచేతిలో నుండి, 1894లో నగరపు కౌంటీకౌన్సిలునకు సంక్రమించెను. చట్టము శుచిని విధించెను గాని, శయ్యల నెక్కువ చేయఁజాలదయ్యెను.

ఆ కార్యమునకు ధర్మపరులు పూనుకొనిరి. 1844లో వెలసిన శ్రామికజనాభివృద్ధి సంఘమువారు హెన్రీ రాబర్ట్సు అను శిల్పిచే సెయింటు జైల్సు ప్రాంతమునందలి జార్జి వీథిలో 104 మంది పురుషులకుఁ దగిన యాదర్శవసతిగృహమును గట్టించి, 1847లో దెఱచిరి. కాని ఈ విషయమున మిక్కిలి కీర్తి గాంచినవాఁడు రోటను ప్రభువు. ఇతఁడు డిజ్రేలీ మంత్రికిఁ గార్యదర్శిగా నుండిన మాంటేగు కోరీ. గిన్నెసు ధర్మనిధివారి కార్యమునకై పేదబసలను పరిశీలించి, వానికంటె మేలైన గృహమును నడపియు నష్టపడనక్కఱలేదని యతఁడు నమ్మెను. ధర్మనిధివారు సందేహింపఁగాఁ దన సొంతధనము 30,000 పౌనులను వెచ్చించి, 1892వ సంవత్సరాంతమున వాక్సుహాలునందు మొదటి 'రోటన్ హౌసు'ను దెఱచెను. రాత్రికి వెల ఆఱు పెన్నీలు. ప్రతివానికిని దడికచే వేఱుపఱుపఁబడిన చిన్నగదియు, దానికొక కిటికీయు నుండెను. స్వయముగా వండుకొనుటకుఁ బొయ్యి, చదువుకొనుటకు శాల, కాళ్లు కడుగుకొనుటకు వేఁడినీళ్లు నేర్పాటయ్యెను. పిమ్మట కింగ్సుక్రాసు (1896), న్యూవింగ్టను బట్సు (1897), హామర్స్మితు (1899), వైట్‌చాపెలు (1902), కామ్డెన్ టౌను (1905) అనుచోట్ల నట్టి గృహములు వెలసెను. ఆఱింటను గలిసి శయ్యలు అయిదువేలకు మించెను. 1901లో మిలాను నగరమునఁ దెఱవఁబడిన 'అల్బెర్గో పొపొలారె' యు నిట్టి తలంపునుండి పుట్టినదే.

రోటను గృహములయం దొక లోపమును నాఁటివారే గుర్తించిరి. పగటివేళ శయనగదులకుఁ బోరాదు, నియమములు కఠినములు. 1933లో ప్రకటింపఁబడిన తన గ్రంథమున జార్జి ఆర్వెలు ఈ గృహములను చవుకబసలలో నుత్తమములని మెచ్చుకొనుచునే వాని కట్టుబాట్లను నిరసించెను. అంతకంటెఁ బెద్దలోపము మఱియొకటి గలదు: ఇవి పురుషులకు మాత్రమే. పేదస్త్రీకి రాత్రి శయ్య దొరకుట మిక్కిలి కష్టముగా నుండెను. 1913లో స్త్రీలకై ఆడా లూయిసు గృహము వెలసెను. 1926లో చెస్టర్టను దొరసాని నిలువనీడలేని స్త్రీల దుఃస్థితిని తన గ్రంథమునఁ బ్రకటించి, మఱుసటి యేఁడు వారికై సెసిల్ గృహములను స్థాపించెను. వెలయు, శుచియు సమకూడినను బ్రవేశ మందఱకు సమకూడలేదని దీనిచేఁ దెలియుచున్నది.

భారతీయుల యనుభవము ఈ విషయమునే మఱింత స్పష్టము చేయుచున్నది. ఓడలలోఁ బనిచేయు లాస్కరులు లండను రేవున దిగి, మరల నోడ దొరకుదాఁక నిలువనీడలేక చలికి మరణించుచుండిరి. వారికై లైమ్‌హౌసు ప్రాంతమున వెస్టిండియా డాకు వీథిలో 'ఆసియా వాసుల పరదేశిగృహము' నిర్మింపఁబడెను. 1856లో ఆల్బర్టు రాకుమారుఁడు శంకుస్థాపన చేసెను. మహారాజ దళీప్ సింగు 500 పౌనుల విరాళ మిచ్చెను. 1857లోఁ దెఱవఁబడి, 1937 వఱకు నడచెను.

విద్యార్థుల స్థితి వేఱు. 1888లో లండను చేరిన గాంధి మొదట విక్టోరియా హోటలున దిగి, మూఁడు పౌనుల పట్టీని జూచి దిగ్భ్రమ చెందినట్లు ఆత్మకథలో వ్రాసికొనెను. తరువాత నొక కుటుంబముతో నుండి, పిదప రెండు గదులు తీసికొని, కడకు నొక్క గదితోఁ దృప్తిపడి, పొయ్యి కొని, యుదయాహారమును స్వయముగా వండుకొని, దినమునకు నొక షిల్లింగు మూఁడు పెన్నీలతో భుక్తి గడపెను. 1851లో హారిసను గృహమున నొక్కరాత్రి శయ్యకుఁ గల వెలయు నదియే. అంతకంటెఁ బేదయైన విద్యార్థి వారమునకు రెండు షిల్లింగుల గదిలో నుండి, లాకర్టు కోకోశాలలో రెండు పెన్నీల కోకోయు, రొట్టెయుఁ దిని బ్రతుకుచుండె ననియు నందే కలదు.

గాంధి కాలముననే గాక తరువాతను గృహిణులు కొందఱు భారతీయులకు గదు లీయ నిరాకరించుచుండిరి. 1905లో శ్యామజీ కృష్ణవర్మ హైగేటునందు భారతీయ విద్యార్థులకై 'ఇండియా హౌసు'ను స్థాపించుటకు నిదియు నొక హేతువు. పథికగృహధర్మము అద్దెగదికి వర్తింపదను పూర్వోక్తభేదము ఇచట ఫలించినది. విద్యార్థి వెల యీయఁగలిగియు, యోగ్యుఁడై యుండియు, ద్వారమున నిలువఁబడి వెనుదిరుగవలసివచ్చినపు డతనికి న్యాయస్థానమున దిక్కు లేదు.

ఆ ధర్మము మాత్రము చావలేదు. 1943 జులైలో ట్రినిడాడు ద్వీపవాసియగు క్రికెటు వీరుఁడు లియరీ కాన్‌స్టంటైను లార్డ్సు మైదానమున నాడుటకై వచ్చి, రస్సెల్ స్క్వేరునందలి యొక హోటలునఁ గుటుంబముతో నాలుగు రాత్రులకు ముందే గది నేర్పఱచుకొనియుండెను. వచ్చిన పిదప నొక్కరాత్రి కంటె నుండరాదని వారు తెలిపిరి. ఇతర యతిథుల వర్ణద్వేషము దానికిఁ గారణము. అతఁడు పథికగృహపతి ధర్మము నాధారముగాఁ గొని వ్యాజ్యెము వేసెను. 1944 జూనులో న్యాయమూర్తి బర్కెట్టు అతనికి ననుకూలముగాఁ దీర్పు చెప్పెను. లభించిన పరిహారము అయిదు గినీలు మాత్రమే. స్థాపింపఁబడిన న్యాయ మమూల్యము. మధ్యయుగమున బాటసారికై పుట్టిన ధర్మము ఆధునికనగరమున నొక నల్లజాతివానికి రక్షకమయ్యెను.

1956వ సంవత్సరపు హోటలు యజమానుల చట్టము ఈ ప్రాచీనధర్మమునే నిర్వచనముగా గ్రహించినది. వెల యీయఁగలిగి, యీయ సమ్మతించి, చేర్చుకొనఁదగిన స్థితిలో నున్న యే బాటసారికైనను బ్రత్యేకమైన యొడంబడిక లేకయే భోజనమును, శయ్యను ఇచ్చు గృహమే హోటలని దాని భావము. 1965వ సంవత్సరపు జాతిసంబంధముల చట్టము హోటళ్లయందు వర్ణభేదమును నిషేధించెను. 1968వ సంవత్సరపు చట్టము నిషేధమును అద్దెయిండ్లకుఁ గూడ విస్తరింపఁజేసెను గాని, యజమాని తానును నివసించు చిన్నగృహములకు మినహాయింపు నుంచెను.

ఈ పూర్వాపరములనుబట్టి స్వల్పవ్యయ వసతిగృహము పథికగృహమునకు నేరుగా జనించిన సంతతి యను వాదము సరిగాదు. శయ్యవెల ఇనుపదారివలనను, శుచి 1851వ సంవత్సరపు శాసనమువలనను, ఏకాంతము రోటను ప్రభువు తడికగదులవలనను వచ్చినవి. పథికగృహమునుండి రావలసిన దాయభాగ మొక్కటే: ద్వారమునందు వ్యక్తిభేదము చూడరాదను ధర్మము. ఆ యొక్క భాగమే యన్నిటికంటె నాలస్యముగా నందినది. అతిథియు నాతిథేయుఁడును ఒక్కపదమున నిమిడియున్న 'హోస్పెస్' శబ్దమునకు సంపూర్ణార్థము చేకూరుటకు అన్ని శతాబ్దములు పట్టెను.