అంతర్జాలపు మాటయు, మన యింటి తెలుగును

కోవిల్‌పట్టి, విరుదునగరము చుట్టుపట్లనున్న ఈ నల్లరేగడి సీమకు మన పూర్వులు విజయనగర రాజుల కాలమునను, మధుర నాయకరాజుల కాలమునను వచ్చి నిలిచిరి. నాటినుండి పుదూరు మొదలగు మన గ్రామములలో తెలుగు ఇంటిమాటగా నిలిచినదే గాని వ్రాతగా నిలువలేదు. ఇడైశెవల్ గ్రామమునకు చెందిన కి. రాజనారాయణన్ గారి యింటిభాష తెలుగే. అయినను వారు 'గోపల్లపురత్తు మక్కళ్' నవలను తమిళముననే వ్రాసిరి. దానికి 1991లో సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది. ఇట్టి భాషయొక్క చరిత్ర శాసనములలో కొంతయే దొరకును. మాట దూరమునకు పోయిన దారులను గూడ వెదకవలెను. ఆ దారులలో కడపటిదగు అంతర్జాల దూరవాణిని గూర్చి ఇచ్చట కొంత విచారింతును.

పూర్వము పరదేశమునకు పోయిన కుమారునకు ఉత్తరము పోవలెనన్న, అవ్వ తెలుగున చెప్పగా, చదువుకొన్న మనుమడు తమిళమున వ్రాసెడివాడు. అవ్వ మాట కాగితము నెక్కులోపలనే భాష మారిపోయెడిది. పిదప టెలిఫోను బూతులు వచ్చినవి. అందు అంకెలు కన్నులయెదుట పరుగెత్తుచుండెడివి. 1990ల చివర అమెరికాకు నిమిషమునకు 60 రూపాయలకు పైగా పడెడిది. క్షేమమడిగి, డబ్బు చేరినదని చెప్పి, పెట్టివేయుటయే. వెనుక నలుగురు నిలిచియుండగా మనసులోని మాట ఎవరు చెప్పుదురు?

పాత టెలిఫోను పద్ధతిలో ఇద్దరు మాటలాడునంతసేపును వారి నడుమ ఒక దారి వారికై నిలిచియుండును. మౌనముగా నున్నను ఖర్చు తప్పదు. అంతర్జాలపు పద్ధతి వేరు. కంఠధ్వనిని సెకనునకు 8,000 మారులు కొలిచి, ఆ కొలతలను అంకెలుగా మార్చి, చిన్నచిన్న పొట్లములుగా కట్టి, ఒక్కొక్కదానిపై చిరునామా వ్రాసి పంపుదురు. అవి ఇతరుల పొట్లములతో కలిసి, దొరికిన దారిని పోయి, గమ్యమున మరల వరుసగా కూడుకొనును. ఆలస్యముగా వచ్చినదానిని పారవేయుటయే. దానికై కాచియుండిన సంభాషణ సాగదు. అందుచేతనే మాట నడుమ తెగుచుండును. తెలుగు అజంతభాష గదా. తుది అచ్చు దారిలో రాలిపోయిన తెలుగుమాట అరవమాటవలె వినబడునని మా సహోపాధ్యాయు లొకరు పరిహాసమాడుదురు.

ఈ విద్య మనము తలచునంత క్రొత్తది కాదు. 1974లోనే అమెరికాలో డానీ కోహెన్ మొదలగువారు ఆర్పానెట్ అను పరిశోధనా జాలముపై మాటను పొట్లములుగా పంపి చూచిరి. 1995లో వోకల్‌టెక్ అను ఇజ్రాయెల్ సంస్థ ఇంటి కంప్యూటరునకు తగిన 'ఇంటర్నెట్ ఫోను'ను విక్రయమునకు తెచ్చినది. ఆ సంవత్సరమే ఆగస్టు 15వ తేదీన విదేశ్ సంచార్ నిగమ్ మన దేశమున ప్రజలకు అంతర్జాలమును తెరచినది. కాని ఫోను మాటకు తలుపు తెరువలేదు. 1999 నాటి టెలికాం విధానము అంతర్జాల దూరవాణిని అప్పటికి అనుమతింపబోమని స్పష్టముగా చెప్పినది. విదేశీ కాల్సు ఆదాయము ఆ నిగమమునకు ప్రాణము గదా! దాని ఏకాధిపత్యము 2002 మార్చితో ముగిసినది. ఏప్రిల్ 1 నుండి అనుమతి వచ్చినది. అదియు సగమే. కంప్యూటరునుండి కంప్యూటరునకు మాటలాడవచ్చును; విదేశపు టెలిఫోనునకు మాటలాడవచ్చును; మన దేశములోని సాధారణ టెలిఫోనునకు మాత్రము కూడదు! అమెరికాలోని మేనమామతో మాటలాడవచ్చును గాని, సాత్తూరులోని పినతల్లి ఇంటి టెలిఫోనునకు అదే యంత్రమునుండి పలుకరాదు. ఈ వింత ఏండ్లకొలది సాగినది.

2003లో స్కైప్ వచ్చినది; 2025 మే నెలలో మూతబడినది. 2006లో మన తూత్తుకుడి తీరమునుండి కొలంబో చెంతనున్న మౌంట్ లవీనియాకు సముద్రములో తంతి వేసిరి. 2015లో వాట్సాపు మాట, మరుసటి యేడు దానికి ముఖదర్శనము, అదే 2016 సెప్టెంబరులో జియో చౌక డేటా వచ్చినవి. కంప్యూటరు నెన్నడును ముట్టని అవ్వలు కూడ దూరవాణిని చేతబట్టిరి. దుబాయి మొదలగు ఎమిరేట్సులో వాట్సాపు మాటను అడ్డగించిరి. అచ్చటి మనవారు అనుమతి పొందిన బోటిమ్ వంటివానిని ఆశ్రయించిరి.

ఖర్చు పోయినది, వ్రాయువాని అవసరము పోయినది, వెనుక నిలిచిన నలుగురును పోయిరి. నాకు తోచినంతవరకు మన చరిత్రలో మొదటిసారిగా ఇంటి తెలుగు తెలుగుగానే సముద్రము దాటినది. 2006 నాటి తమిళ అభ్యసన చట్టముచే పాఠశాలలలో తమిళము తరగతి తరువాత తరగతిగా నిర్బంధమై, 2015–16 నాటికి పదవ తరగతిని చేరినది. తెలుగు తరగతిగది చిన్నదగుచుండిన ఆ సంవత్సరములలోనే తెలుగు సంభాషణ పొడుగైనది. ఇది కాకతాళీయమే. అయినను గమనింపదగినది.

సంతోషమునకు తోడు ఒక భయమున్నది. ఆ తమిళపు ఉత్తరములైనను రేకుపెట్టెలలో మిగిలినవి. గంటలకొలది పలుకుచున్న ఈ తెలుగు ఎచ్చటను మిగులదు. నూరేండ్ల తరువాత పుదూరు తెలుగును వెదకువానికి ఏమి దొరకును?

అందుచే గతసంవత్సరము నా తరగతి పిల్లలకు ఒక పని చెప్పితిని: ఆదివారమునాడు ఇంటివారు ఫోనులో పలికిన మాటలలో పదింటిని తెలుగు లిపిలో వ్రాసి తెండని. కొందరు తేలేదు. కొందరు తమిళ లిపిలో తెచ్చిరి. ఒక బాలిక తెచ్చిన పదింటిలో రెండు నాకే తెలియలేదు. అర్థమడుగగా, "మా అవ్వ నగినాది గాని చెప్పలే, అయ్యవారూ. దుబాయిలో మామకు తెలుసు. ఈ రాత్రికి అడిగి వస్తా" అన్నది.