కల్లు: సూక్ష్మజీవులు, పోషకాలు

కల్లు తాటి, ఈత చెట్లను గీస్తే ఊరే తీపి రసం ఈస్టు, బాక్టీరియాల చర్య వల్ల పులిసి తయారయ్యే పానీయం. పూర్వపు నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల మెట్టల్లో కల్లుగీత గౌడుల కులవృత్తి.

తాజా రసంలో సుమారు 10–15 శాతం చక్కెర ఉంటుంది. అందులో అధిక భాగం సుక్రోజు. దీన్ని శాకరోమైసిస్ సెరవిసియే అనే ఈస్టు ఇన్వర్టేజ్ ఎంజైముతో గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విడగొట్టి ఆల్కహాలుగా మారుస్తుంది. జైమోమోనాస్ బాక్టీరియా కూడా ఈ మూడు చక్కెరల మీదే బతుకుతుంది. ల్యూకోనోస్టాక్ సుక్రోజు నుంచి డెక్స్‌ట్రాన్ తయారుచేసి కల్లుకు జిగట తెస్తుంది. లాక్టోబాసిల్లస్‌ల అవసరాలు వేరు: చక్కెర ఒక్కటే చాలదు, అమైనో ఆమ్లాలు, బి విటమిన్లు బయటి నుంచి అందాలి. వాటిలో కొంత భాగం ఈస్టు కణాల నుంచే లభిస్తుంది. చక్కెర తరిగి, గాలి తగిలితే అసిటోబాక్టర్ ఆల్కహాలును అసిటిక్ ఆమ్లంగా మార్చి కల్లును పులుపెక్కిస్తుంది.

రసం పట్టే కుండ (లొట్టి) లోపల సున్నం పూస్తే క్షారత్వం పెరిగి, పోషకాలున్నా పులియడం మందగిస్తుంది. నీరా (పులియని తీపి రసం) సేకరణకు ఇది పాత పద్ధతి.

కల్లులో సూక్ష్మజీవుల ఆహారం చక్కెర అయితే, పులియబెట్టే జొన్న అంబలిలో పిండి పదార్థం. శాకరోమైసిస్ సెరవిసియే దాన్ని నేరుగా వాడుకోలేదు. ముందుగా అమైలేజ్ ఎంజైములు దాన్ని చక్కెరలుగా విడగొట్టాలి.

పులిసిన ప్రతి పానీయమూ ప్రోబయోటిక్ కాదు. 2001 నాటి ఎఫ్‌ఏఓ, డబ్ల్యూహెచ్‌ఓ నిర్వచనం ప్రకారం తగిన మోతాదులో తీసుకుంటే ఆరోగ్య ప్రయోజనం కలిగించే సజీవ సూక్ష్మజీవులకే ఆ పేరు వర్తిస్తుంది.