ఒక దగ్గు, రెండు రిజిస్టర్లు

మంచిర్యాలలో ఎవరైనా నెలల తరబడి దగ్గుతుంటే మొదట బొగ్గు దుమ్మే గుర్తొస్తుంది. మందమర్రి, శ్రీరాంపూర్, బెల్లంపల్లి, చుట్టూ గనులే కదా. క్షయ అనుమానం తర్వాత వస్తుంది. హెచ్‌ఐవీ మాట మాత్రం ఎవరూ ఎత్తరు.

ఇంట్లో ఉండి మందులు వాడినా శానిటోరియంలో ఉన్నంత బాగా క్షయ తగ్గుతుందని 1959లో మద్రాసు పరిశోధకులు తేల్చారు. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం లాంటి చోట్లకి పోవాల్సిన పని తగ్గింది. 1962లో జాతీయ క్షయ కార్యక్రమం వచ్చింది. ఆ మద్రాసులోనే 1986లో డాక్టర్ సునీతి సాలమన్ బృందం దేశంలోని తొలి హెచ్‌ఐవీ కేసుల్ని గుర్తించింది.

క్షయ క్రిమి ఒంట్లో నిద్రపోతున్న మామూలు మనిషికి జబ్బు బయటపడే అవకాశం జీవితకాలంలో సుమారు 10 శాతం. హెచ్‌ఐవీ ఉంటే ఒక్క ఏడాదిలోనే దాదాపు అంత. పైగా తెమడ పరీక్షలో క్రిమి చాలాసార్లు కనపడదు.

ఒంట్లో ఇంతగా కలిసిపోయిన జబ్బులకి ప్రభుత్వం రెండు గదులు, రెండు రిజిస్టర్లు పెట్టింది. మా ఉద్యోగ భాషలో చెప్పాలంటే, జాయిన్ రాయని రెండు టేబుళ్లు. 2001లో హెచ్‌ఐవీ ఎక్కువున్న ఆరు రాష్ట్రాల్లో కలిపి పనిచేయడం మొదలైంది. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అందులో ఒకటి. 2004 ఏప్రిల్‌లో ఉచిత హెచ్‌ఐవీ మందులొచ్చాయి, అదీ కొన్ని పెద్దాసుపత్రుల్లోనే. క్షయ మాత్ర ఇంటి దగ్గర, రెండోది పట్నంలో. కూలి పోగొట్టుకుని రెండు చోట్లా లైన్లో నిలబడాల్సి వచ్చేది.

రిజిస్టర్లు కలవకపోతే ప్రమాదం కూడా. క్షయకి ముఖ్యమైన రిఫాంపిసిన్, అప్పట్లో హెచ్‌ఐవీకి ఎక్కువగా ఇచ్చిన నెవిరపిన్‌ని రక్తంలో తగ్గించేస్తుంది. ఎఫావిరెంజ్‌కి మార్చాల్సి వచ్చేది. ఒక గదిలో రాసిన మాత్ర రెండో గదికి తెలిస్తేనే అది జరిగేది.

అలా తెలియడమే పేషెంటుకి భయం. క్షయ మాత్ర ఇచ్చేది పక్క వీధి ఆశా కార్యకర్తో, అంగన్‌వాడీ టీచరో. ఆమె పెళ్లిళ్లలో కనపడుతుంది, కుటుంబం మొత్తం తెలుసు. ఆమెకి తెలియకుండా డాక్టర్లిద్దరికీ తెలియాలి. మందుల లెక్క కన్నా ఇదే కష్టమైన లెక్క అనిపిస్తుంది నాకు. రిజిస్టర్లు కలపడం తప్పేమీ కాదు, కలపకపోతే మనుషులు పోతారు. కానీ కలిపినవాళ్లు ఈ వీధి సంగతి ఎంతవరకు ఆలోచించారో!

2016 అక్టోబర్ 11న మంచిర్యాల జిల్లా అయింది. జిల్లా కేంద్రం కోసం ఇక ఆదిలాబాద్ దాకా పోనక్కర్లేదు. అయినా గుర్తుపట్టేవాళ్లు ఎదురవుతారని, దగ్గరి ఆసుపత్రి దాటి, ఇంకో ఊరికి రైలెక్కేవాళ్లు ఉంటారు.